గూళ్ళ రేటు పక్కన ఇంకో లైను



ఈ వారం నేను గూళ్ళ రేటు గురించి గానీ, ఊజీ ఈగ గురించి గానీ రాయట్లేదండి. తాగుడు గురించి రాస్తున్నాను. మన పత్రికలో ఇదేంటి అనుకోకండి. చివరిదాకా చదివితే మన పనికి దీనికి సంబంధం ఉందో లేదో మీకే తెలుస్తుంది.

ముందు ఒక మాట. రామనగరం మార్కెట్ ఎక్కడో కర్ణాటకలో ఉంది. అక్కడ బైవోల్టిన్ గూళ్ళు ఈరోజు ఎంత పలికాయో పొద్దున్న పదకొండు కల్లా మన ఫోన్లో ఉంటుంది. చాకీ పురుగులు ఎవరి దగ్గర బాగున్నాయో తెలుసు. బ్లీచింగ్ పౌడర్ ఎక్కడ చవకో తెలుసు. బ్రాందీ షాపు ఎక్కడుందో అయితే యానాంలో పుట్టిన చంటిపిల్లాడు కూడా చెప్తాడు. కానీ తాగుడు మానేసినవాళ్ళు కూర్చుని మాట్లాడుకునే మీటింగ్ మనకి దగ్గర్లో ఎక్కడ, ఏ రోజు, ఎన్ని గంటలకి జరుగుతుంది అని ఈ గ్రూపులో అడిగితే ఎంతమంది చెప్పగలరు? ఆ లైను కూడా ప్రతివారం గూళ్ళ రేటు పక్కన ఉండాలి అన్నదే నా వాదన.

నేను తాగేవాణ్ణి. ఆరేళ్ళయింది మానేసి.

మాది కనకాలపేట. ఎకరంన్నర మల్బరీ. ఇక్కడ పట్టు చేసేవాళ్ళం తక్కువే, నేను చేబ్రోలు వైపు రైతుల దగ్గర నేర్చుకుని వచ్చాను. మన పనిలో తాగేవాడికి రెండు ప్రమాదాలున్నాయి. ఒకటి, రాత్రి మేలుకోవడం. నాలుగో జ్వరం లేచిన దగ్గర్నుంచి వారం రోజులు పురుగు తినే తిండికి మనిషికి నిద్ర ఉండదు. ఒళ్ళు నొప్పులకి కాస్త వేసుకుందాం అనిపిస్తుంది. రెండోది, డబ్బు ఒక్కసారిగా చేతికి రావడం. కూలీకి రోజూ మూడొందలో నాలుగొందలో వస్తాయి. మనకి రెండు నెలలకోసారి గూళ్ళు అమ్మిన రోజున కట్ట వస్తుంది. ఆ రోజు జేబులో కట్ట పెట్టుకుని బ్రాందీ షాపు దాటి ఇంటికి రావడం ఎంత కష్టమో తాగేవాడికి తెలుసు, వాడి భార్యకి ఇంకా బాగా తెలుసు.

ఆ ఏడాది ఎండాకాలం 150 గుడ్లు తెచ్చాను. నాలుగో జ్వరం లేచిన మూడో రోజు, మధ్యాహ్నం షెడ్డు పరదాలు ఎత్తి, గోనెలు తడపాలి. నేను ఆకు గదిలో పడి ఉన్నాను. సాయంత్రానికి మా ఆవిడ పుట్టింటి నుంచి వచ్చి తలుపు తీసేసరికి లోపల ఆవిరి. మర్నాటి నుంచి పురుగులు మెత్తబడి రాలడం మొదలెట్టాయి. మిగిలినవాటినైనా దక్కించుకోవాలని మా పాప స్కూల్ డ్రెస్సులోనే తోటలోకి వెళ్ళి కొమ్మలు కోసి మోసింది. తొంభై కిలోలు రావాల్సిన చోట ముప్పై ఒక్క కిలో వచ్చింది. ఆ ముప్పై ఒక్క కిలో డబ్బులో కూడా కొంత నేను తాగాను. ఇది రాయడానికి నాకు చెయ్యి ఆడట్లేదు గానీ, నిజం అదే.

మానడానికి ప్రయత్నించలేదా అంటే, చాలాసార్లు ప్రయత్నించాను. మూడుసార్లు అయ్యప్ప మాల వేసుకున్నాను. నలభై ఒక్క రోజులు చుక్క ముట్టలేదు. మాల తీసిన సాయంత్రమే మొదలు. తప్పు మాలది కాదు. నలభై ఒక్క రోజులు చుట్టూ గురుస్వామి, భజన, తోటి స్వాములు ఉన్నారు. నలభై రెండో రోజున నేను ఒక్కణ్ణే అయిపోయాను. అప్పట్లో ఇది అర్థం కాలేదు.

గుళ్ళో ఒట్టు వేశాను. ఒకసారి ఇంట్లోవాళ్ళు ఎవరో ఇచ్చిన పొడి నాకు తెలియకుండా కూరలో కలిపారు. ఆ రాత్రి తాగాక గుండె దడ, వాంతులు, మొహం ఎర్రబడిపోయి చచ్చిపోతాననుకున్నాను. తర్వాత డాక్టరుగారు చెప్పారు, డైసల్ఫిరామ్ అనే మాత్ర ఉంది, అది ఒంట్లో ఉండగా మద్యం తాగితే ఇలాగే అవుతుంది, డాక్టరు చూసి, మనిషికి చెప్పి, ఒప్పుకున్నాకే ఇవ్వాలి అని. ఆ పొడిలో ఏముందో ఎవరికీ తెలియదు. కాబట్టి అక్కలూ, దయచేసి ఎవరికీ తెలియకుండా ఏదీ కలిపి పెట్టకండి. ప్రాణం పోతుంది.

ఇంకో సంగతి. రోజూ బాగా తాగేవాడు ఉన్నట్టుండి మానెయ్యకూడదు. రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, ఫిట్స్ రావడం, లేనివి కనబడటం జరుగుతాయి. ప్రాణం మీదకి కూడా రావచ్చు. ముందు ఆసుపత్రికి వెళ్ళాలి. యానాం ప్రభుత్వాసుపత్రి ఉంది, కాకినాడ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. పిచ్చి డాక్టరు దగ్గరికి వెళ్ళాడంటారని భయపడొద్దు. తాగి కాలవలో పడి ఉన్నప్పుడు అనని మాటలా?

నాకు మందులిచ్చిన డాక్టరుగారే ఒక మాట అన్నారు. "నేను పది రోజుల వణుకు తగ్గించగలనయ్యా. పదకొండో రోజు నుంచి నీకు మనుషులు కావాలి." ఆల్కహాలిక్స్ అనానిమస్ అన్న పేరు మొదట విన్నది అక్కడే. అందరూ ఏ.ఏ. అంటారు.

మొదటిసారి ఎవరో చెప్పిన అడ్రసు పట్టుకుని బస్సెక్కి వెళ్ళాను. ఏ ఊరో రాయను, అక్కడికి వచ్చేవాళ్ళ గోప్యం కోసం. వెళ్ళేసరికి గదికి తాళం. మీటింగ్ రోజు మారిందట, నాకు చెప్పినాయనకి తెలియదు. గంటసేపు గుమ్మం ముందు నిలబడ్డాను. తిరుగు బస్సు దిగి నేరుగా షాపుకే వెళ్ళాను. తాళం వల్ల తాగానని అనను, తాగాలనుకున్నవాడికి తాళం ఒక సాకు. కానీ ఆ రోజు తలుపు తీసి ఉంటే నాకు ఇంకో నాలుగు నెలలు కలిసొచ్చేవి.

రెండోసారి ముందు ఫోన్ చేశాను. అవతల పెద్దాయన అడ్రసు చెప్పలేదు. "బస్టాండులో దిగి ఫోన్ చెయ్యండి బాబూ, నేనొచ్చి తీసుకెళ్తాను" అన్నారు. వచ్చారు. దారిలో టీ ఇప్పించారు. నన్ను ఏమీ అడగలేదు, తన సంగతే చెప్పారు. ఆయన ఇల్లు అమ్ముకున్న కథ వింటుంటే నాకు నా కథలాగే ఉంది. ఆయన రాకపోయి ఉంటే నేను ఆ గది గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసేవాణ్ణి అని ఇప్పటికీ నమ్ముతాను.

తర్వాత తెలిసింది, ఈ ఏ.ఏ. పుట్టిందే ఇలాగట. 1935 మే నెలలో న్యూయార్క్ నుంచి బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి అమెరికాలోనే ఆక్రన్ అనే ఊరికి పని మీద వెళ్ళాడు. మానేసి ఐదు నెలలైంది. వెళ్ళిన పని చెడింది. హోటల్లో ఒకపక్క బార్, ఇంకోపక్క టెలిఫోన్. బార్‌లోకి వెళ్ళకుండా ఉండాలంటే తనలాంటి ఇంకో తాగుబోతుతో మాట్లాడాలి అనుకుని, చర్చీల జాబితా చూసి ఫోన్లు చెయ్యడం మొదలెట్టాడు. అలా చేస్తూ చేస్తూ బాబ్ స్మిత్ అనే ఆపరేషన్ల డాక్టరు దొరికాడు. పావుగంట మాట్లాడి పంపేద్దాం అని వచ్చిన ఆ డాక్టరు గంటల తరబడి కూర్చున్నాడు. 1935 జూన్ 10న ఆ డాక్టరు ఆఖరిసారి తాగాడు. ఆ తేదీనే ఏ.ఏ. పుట్టినరోజు అంటారు. మన దేశంలోకి 1957లో వచ్చింది. దేశం మొత్తానికి ఆఫీసు ముంబైలో ఉంది.

లోపల ఏం జరుగుతుంది అని చాలామందికి అనుమానం. ఫీజు లేదు. రిజిస్టర్లో పేరు రాయరు. పూర్తి పేరు చెప్పక్కర్లేదు. తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. ఒకరి తర్వాత ఒకరు తమ సంగతి చెప్తారు, మిగతావాళ్ళు వింటారు, మధ్యలో ఎవరూ సలహా ఇవ్వరు. టీ ఖర్చుకి చివర్లో ఎవరికి తోచింది వాళ్ళు వేస్తారు, బయటివాళ్ళ చందాలు తీసుకోరు. దేవుడి మాట వస్తుంది, కానీ ఎవరి దేవుడు వాళ్ళకే. మేమున్న గదిలో హిందువులు, క్రైస్తవులు, ముస్లింలు, ఏ దేవుణ్ణీ నమ్మని ఒకాయన, అందరం ఉన్నాం. జీవితాంతం తాగనని ఒట్టు వెయ్యమనరు. ఈ ఇరవై నాలుగు గంటలు తాగకుండా ఉండు అంటారు. పురుగుకి ఈ పూట ఆకు వేస్తాం, రేపటి ఆకు ఈరోజే వెయ్యం కదా. ఆ లెక్క నాకు తొందరగానే అర్థమైంది.

అందరికీ ఏ.ఏ.నే పనిచేస్తుంది అని నేను అనను. కొందరికి డాక్టరు మందులతో సరిపోతుంది, కొందరు డీ-అడిక్షన్ సెంటర్లో చేరి బాగుపడ్డారు. మా గదికి వచ్చి మళ్ళీ తాగినవాళ్ళూ ఉన్నారు. కానీ ఒంటరిగా మానడం కంటే నలుగురిలో మానడం తేలిక అన్నది నా అనుభవం.

ఇక యానాం సంగతి. మనది పుదుచ్చేరి కింద ఉంది, మద్యం పన్ను వేరు, రేటు చవక. తాళ్ళరేవు వైపు నుంచి, ఎదుర్లంక వంతెన దాటి కోనసీమ నుంచి, ఇక్కడికి తాగడానికే వచ్చేవాళ్ళున్నారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. 1993లో ఆంధ్రలో సారా ఆపేశారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు, 1997లో సడలించారు. ఆ నిషేధం రోజుల్లో నేను పదో తరగతి. అప్పుడు మన యానాం షాపుల ముందు ఎంత జనం ఉండేవారో నాకు గుర్తుంది. ఆ ఆడవాళ్ళ పోరాటాన్ని నేను చిన్నచూపు చూడట్లేదు, ఎన్నో ఇళ్ళు నిలబెట్టారు. కానీ సరిహద్దు మీద ఊరు మనది. ఒకపక్క మూస్తే ఇంకోపక్క తెరిచి ఉంటుంది. షాపు మూసే అధికారం మన చేతిలో లేదు. మీటింగ్ ఎక్కడో నలుగురికీ చెప్పడం మాత్రం మన చేతిలో ఉంది.

"మన ఊళ్ళోనే మీటింగ్ పెట్టించొచ్చు కదా" అని ఒకరిద్దరు అన్నారు. మంచి మాటే. ఏ.ఏ. పద్ధతిలో ఇద్దరు ముగ్గురు మానాలనుకునేవాళ్ళు కలిస్తే గ్రూపు మొదలెట్టుకోవచ్చు. కానీ ఒక చిక్కుంది. మన ఊళ్ళో ఏ గుమ్మంలోకి ఎవరు వెళ్ళారో పాలవాడి నుంచి ప్రెసిడెంటు దాకా తెలిసిపోతుంది. నా మటుకు నాకు మొదటి రోజుల్లో బస్సెక్కి దూరం వెళ్ళడమే మంచిదైంది, అక్కడ నన్ను ఎరిగినవాళ్ళు లేరు. ఏడాది తిరిగాక ఊళ్ళో తెలిసినా భయం పోయింది. కాబట్టి దగ్గర్లో ఒకటి ఉండాలి, దూరంగా ఉన్నవాటి వివరాలూ ఉండాలి. ఎవరికి ఏది వీలైతే అది. గడప దాటలేనివాళ్ళకి ఫోన్లో జూమ్ మీద జరిగే మీటింగులు కూడా ఉన్నాయి, షెడ్డులో పురుగులున్న రోజుల్లో నేనూ వాటికే వెళ్తాను.

ఇదంతా ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, పోయిన వానాకాలం మన రైతుల్లో ఒకాయన పోయారు. పేరు రాయను, మీలో చాలామందికి తెలుసు. లివర్ పాడైంది. నాకంటే ఏడేళ్ళు పెద్ద, చంద్రికల మీద పండు పురుగుల్ని ఎంత పల్చగా వెయ్యాలో నాకు నేర్పింది ఆయనే. పోవడానికి ఏడాది ముందు, గూళ్ళు తూకం వేసే చోట నా పక్కకి వచ్చి మెల్లగా అడిగారు. "ఒరేయ్ తమ్ముడూ, నువ్వెళ్ళే ఆ చోటు ఎక్కడరా?" చుట్టూ పదిమంది ఉన్నారు. నాకు సిగ్గేసింది. ఆయన పరువు కాపాడుతున్నాననుకున్నాను, నిజానికి నా పరువే చూసుకున్నాను. "తర్వాత చెప్తానన్నయ్యా" అన్నాను. తర్వాత నాకు పంట, ఆయనకి పంట. ఆయన మళ్ళీ అడగలేదు. నేను ఫోన్ చెయ్యలేదు.

చెప్తే మానేసేవారా? చెప్పలేను. కానీ అడిగిన మనిషికి అడ్రసు చెప్పకుండా పంపించాను. నాకోసం బస్టాండుకి వచ్చిన పెద్దాయన చేసిన పని నేను చెయ్యలేదు. దహనం దగ్గర నిలబడి ఉన్నప్పుడు ఇదే మనసులో తిరిగింది.

అందుకని మన పత్రిక చూసేవాళ్ళని, గ్రూపులో పెద్దల్ని రెండు కోరికలు కోరుతున్నాను.

మొదటిది, ప్రతివారం గూళ్ళ రేటు పక్కన ఒక లైను వెయ్యండి. ఎవరూ అడగక్కర్లేకుండా అందరికీ కనబడాలి. అప్పుడు చూసినవాణ్ణి తాగుబోతు అని ఎవరూ అనరు, రేటు చూశాడనుకుంటారు. అందులో వెయ్యాల్సినవి ఇవి:

14446. మత్తు అలవాట్ల నుంచి బయటపడాలనుకునేవాళ్ళ కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉచిత నంబరు. దగ్గర్లో వైద్యం ఎక్కడుందో కూడా అడగొచ్చు.

14416. టెలీ మానస్. మనసు బాగోలేనప్పుడు, నిద్ర పట్టనప్పుడు, చచ్చిపోవాలనిపించినప్పుడు చెయ్యాల్సిన నంబరు. ఇదీ ఉచితమే, తెలుగులో మాట్లాడతారు.

దగ్గర్లోని ఏ.ఏ. మీటింగ్ రోజు, టైము, ఫోన్ నంబరు. నెలకోసారి మనలో ఒకరు ఫోన్ చేసి మారిందేమో కనుక్కుని సరిచెయ్యాలి. నాలాగా ఇంకెవరూ తాళం ముందు నిలబడకూడదు. ఆ పని నేను చేస్తాను. ఫోన్ చేసినప్పుడు నాలుగు అడగండి: ఈ వారం మీటింగ్ ఉందా, తెలుగులో జరుగుతుందా, ఇంట్లోవాళ్ళు కూడా రావచ్చా, బస్సు దిగాక ఎవరైనా కలుస్తారా. ఓపెన్ మీటింగ్ అంటే ఎవరైనా రావచ్చు. క్లోజ్డ్ అంటే మానాలనుకునేవాళ్ళకి మాత్రమే.

తాగేవాళ్ళ భార్యలకి, తల్లులకి, పిల్లలకి అల్-అనాన్ అని వేరే మీటింగులుంటాయి, 1951లో మొదలయ్యాయి. ఇంట్లో మగాడు మానకపోయినా ఆడవాళ్ళు వెళ్ళొచ్చు. మా ఆవిడ అక్కడికి వెళ్ళడం మొదలెట్టాక, నా సీసాలు వెతకడం మానేసి కంటినిండా పడుకుందట. ఈ వివరం కూడా వెయ్యండి.

రెండో కోరిక, తోడు. అడ్రసు ఉన్నంతమాత్రాన కాళ్ళు కదలవు. కొత్త రైతుకి మొదటి పంట అప్పుడు పక్కన నిలబడి గుడ్ల పొదుగు నుంచి గూళ్ళు కోసేదాకా చూపిస్తాం కదా. మొదటి మీటింగ్‌కి కూడా అలాగే ఒకరు పక్కన వెళ్ళాలి. నేను సిద్ధం. బండి మీద తీసుకెళ్తాను, లేదా బస్టాండులో ఎదురుచూస్తాను. మానేసినవాళ్ళు ఈ గ్రూపులో ఇంకా ఉన్నారని నాకు తెలుసు. మీరూ ముందుకొస్తే మంచిది. పేరు బయటపెట్టక్కర్లేదు, గ్రూపు నడిపే అన్నకి ఒక్క మెసేజ్ పెడితే ఆయన కలుపుతారు.

నా పేరు కింద వెయ్యడం లేదు. సిగ్గుపడి కాదండి, పత్రికల్లో పేరు పెట్టుకోకూడదన్నది ఏ.ఏ. పద్ధతి. కనకాలపేటలో ఎకరంన్నర మల్బరీ ఎవరికుందో మీకు ఎలాగూ తెలుసు. తూకం దగ్గర కనబడితే పదిమందిలోనైనా సరే అడగండి. ఈసారి అక్కడే చెప్తాను.

— కనకాలపేట పట్టురైతు